అమ్మ పోయిన సీను

భోజనాల వేళ దాటిపోయినా ఎవరికీ తిండి పెట్టలేదు. దర్శకుడికి ఏడుపు నచ్చేదాకా బ్రేకు ఉండదని ప్రొడక్షన్ మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు. ఏడవాల్సింది నర్సమ్మ. కాబట్టి లైట్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి కెమెరామన్ దాకా అందరి ఆకలీ ఆమె కళ్లకే వేలాడుతోంది.

నర్సమ్మ అన్నది ఆమె పేరు కాదు. నర్సు వేషాలు వేసీ వేసీ ఫీల్డులో ఆ పేరే స్థిరపడిపోయింది. "డాక్టరుగారు రమ్మంటున్నారు", "పేషెంటుకి స్పృహ వచ్చింది" అనే రెండు మాటల్ని ఆమె పలికినన్ని రకాలుగా నిజం నర్సులు కూడా పలికి ఉండరు. నలభై దగ్గర పడుతున్నా ఇంతకంటే పెద్ద వేషం దొరకలేదు. మొదటిసారి ఇప్పుడు దొరికింది, అదీ ప్రధాన పాత్ర.

సినిమా కథ వెటకారంగా ఉంటుంది. అవకాశాల్లేని ఒక నటి ఉంటుంది. సహజత్వం పిచ్చి పట్టిన ఒక పెద్ద దర్శకుడు ఉంటాడు. నటులంటే ఆయనకి గిట్టదు, వీధిలో దొరికిన మనుషులే కావాలంటాడు. ఈ నటి నటన అంటే ఏమిటో తెలియని పనిమనిషిలా ఆయన ఇంట్లో చేరి, ఆయన్ని బురిడీ కొట్టించి, సినిమాలో హీరోయిన్ అయిపోతుంది. ఇవాళ్టి సీనులో తల్లి పోయిందని ఆ నటికి కబురొస్తుంది. నటి ఏడుస్తుంది. ఏడుస్తూ ఏడుస్తూ, తన ఏడుపు ఎలా ఉందో చూసుకోవడానికి అద్దం వైపు తిరుగుతుంది. ఒక చెంప తుడుచుకుని, రెండో చెంప మీద తడి అలాగే ఉంచుకుంటుంది.

"చూసేవాడికి నవ్వాలో ఏడవాలో తెలియకూడదు," అన్నాడు దర్శకుడు. "నవ్వు సంగతి అద్దం చూసుకుంటుంది. ముందు ఏడుపు నిజం కావాలి. నువ్వు నటిస్తున్నావమ్మా."

నటించడానికే కదా సార్ పిలిచారు అందామని నోటిదాకా వచ్చి, మింగేసింది.

"నిన్నెందుకు తీసుకున్నాను? నువ్వే ఆ పాత్ర కాబట్టి. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే ఉండు చాలు."

వేషం ఇచ్చిన రోజు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. పొంగిపోతూ ఆయన ఆఫీసు మెట్లు దిగింది. సగం మెట్లు దిగేసరికి, అందులో మెచ్చుకోలు ఏముందా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ తీరలేదు.

చివరికి కెమెరామనే కళ్లు నులుముకుంటూ, తిని వస్తే మంచిదన్నాడు. అందరూ వరండాలోకి వెళ్లి ప్లేట్లు అందుకున్నారు. నర్సమ్మ తిన్నది తక్కువ. ఓ మూల దర్శకుడూ మేనేజరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోవడం చూసింది. తనని తీసేస్తున్నారేమో అనుకుంది.

తిన్నాక దర్శకుడు మెత్తగా పిలిచాడు. "కెమెరా లేదు, ఊరికే ఓసారి నడిచి చూద్దాం. ఆ కుర్చీ దగ్గర నిలబడు." నిలబడింది. కబురు చెప్పే పాత్ర వేసేవాడు గుమ్మంలోంచి రావాలి. అతనికి బదులు మేనేజరు వచ్చాడు.

"నర్సమ్మా, మీ ఇంటి దగ్గర్నుంచి ఫోను. మీ అమ్మగారు... కుట్టుమిషను ముందే ఒరిగిపోయారట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..."

గుండె ఆగింది. అమ్మ మిషను ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోదు. పోతే అక్కడే పోతుంది.

ఆ మరుక్షణం ఆమె కళ్లు వాటి పని అవి చేశాయి. ఇదంతా మూడో అంతస్తు. షూటింగప్పుడు అందరి ఫోన్లూ దాచే కింది ఆఫీసు గది నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషికి రొప్పు లేదు. చెప్పాల్సింది చెప్పేశాక చావు కబురు తెచ్చినవాడు దగ్గరికి రావాలి, చెయ్యి పట్టుకోవాలి. ఇతను పక్కకి జరిగాడు. ఎక్కడికి జరగాలో ముందే చెప్పినట్టు, కెమెరాలో పడకుండా ఉండేందుకు నేల మీద గీసిన సుద్దగీత దాటి జరిగాడు. అతని వెనక కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది.

ముందు ఆమెకి ఒళ్లు మండింది. ఆ మంట వెనకే ఇంకోటి వచ్చింది, దానికి పేరేమిటో ఆమెకి తెలియదు. సరే, కానియ్యండి అనుకుంది.

కన్నీళ్ల కోసం తొందరపడలేదు. చెయ్యి వెనక్కి వెళ్లి కుర్చీ వీపు కోసం తడుముకుంది, దొరకలేదు, మళ్లీ తడుముకుంది. "ఫోను ఎవరు చేశారు?" అని మామూలు గొంతుతో అడిగింది. అక్కర్లేని సంగతులు అడుగుతారు అలాంటప్పుడు మనుషులు. "మధ్యాహ్నం మాత్ర వేసుకుందో లేదో," అంది. ఆ మాట మధ్యలో గొంతు విరిగింది. అప్పుడు రానిచ్చింది ఏడుపు. కూర్చోలేదు, వంగలేదు. నిలబడి, నోరు మూసుకునే ప్రయత్నంలో ఓడిపోతూ ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ అద్దం వైపు తిరిగింది. ఎడమ చెంప తుడుచుకుంది. కుడి చెంప వదిలేసింది.

అద్దంలో తన భుజం పక్కన, రెండు చేతులూ కట్టుకుని, నాటకం చూసేవాడిలా మేనేజరు నిలబడి ఉన్నాడు.

"కట్!" అని అరిచాడు దర్శకుడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, సిగ్గేసి ఆపేశారు. దర్శకుడు వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"క్షమించమ్మా. మీ అమ్మ నిక్షేపంగా ఉంది. అబద్ధం చెప్పించాను. వేరే దారి లేకపోయింది."

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"అబద్ధమని."

దర్శకుడు జాలిగా చూశాడు. "అలాగే అనిపిస్తుంది. దెబ్బ తట్టుకోలేక మనసు అలా చెప్పుకుంటుంది."

"తెలియకపోతే అద్దం వైపు ఎలా తిరుగుతాను సార్? ఒక చెంపే ఎలా తుడుచుకుంటాను? నిజంగా అమ్మ పోయినదానికి ఇవన్నీ గుర్తుంటాయా?"

దర్శకుడు కెమెరామన్ వైపు తిరిగాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "విన్నావా? మనసు ముక్కలైపోయినా శరీరానికి గుర్తుంది! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే."

"ఇంకో సంగతి సార్. అద్దంలో..."

"ఇవాళ ఇంకేం మాట్లాడకు. ఇంటికెళ్లి అమ్మని చూసుకో."

మేకప్ తుడుస్తున్నంతసేపూ మేకప్పావిడ పళ్లు కొరుకుతూనే ఉంది. నర్సమ్మ మొదటి నర్సు వేషం నాటి నుంచీ ఆమెకి రంగు వేసేది ఆవిడే. "మెతకదానివి కాబట్టి ఊరుకున్నావు. నేనైతే ఆ మేనేజరు చెంప పగలగొట్టేదాన్ని. తల్లి చావు మీద ఆటలా!"

"నాకు నిజంగానే తెలుసక్కా. చూస్తూనే పట్టేశాను."

దూది పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. "సరేలే తల్లీ," అంది మేకప్పావిడ. పసిపిల్లని ఊరుకోబెట్టే గొంతు అది. దర్శకుడు నమ్మకపోతే పట్టలేదు గాని, ఇది మాత్రం నర్సమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికి వచ్చింది. అబద్ధమని తెలిసి కూడా మెట్లు రెండేసి ఎక్కింది. తలుపు బయటికే మిషను చప్పుడు వినిపించాక గాని నెమ్మదించలేదు.

"ఏమే, ఎవరైనా తరుముతున్నారా?" అంది అమ్మ తలెత్తకుండానే. ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. నోట్లో గుండుసూదులు ఉండడం వల్ల మాటలు పక్కనుంచి వస్తున్నాయి.

"ఏం లేదు. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. మొహమేమిటి అలా ఉంది?"

"ఏడుపు సీను."

"పోనీలే, నర్సు కాదుగా," అంది అమ్మ.

మర్నాడు సెట్లో ఆమెకి రాజమర్యాదలు మొదలయ్యాయి. అడక్కుండానే కుర్చీ వచ్చింది, టీ వచ్చింది. లైట్లవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడారు. రోగం నుంచి లేచినదాన్ని చూసినట్టు చూస్తున్నారందరూ. మేనేజరు వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"తప్పంతా నాది కాదమ్మా. ఆయన చెప్పమంటే చెప్పాను. రాత్రి నిద్ర పట్టలేదు."

"పరుగెత్తుకొచ్చిన మనిషికి రొప్పు ఉండాలి బాబూ. ఈసారి చెప్పేటప్పుడు గుర్తుంచుకో."

అది క్షమించడమో, తిట్టడమో తేల్చుకోలేక మేనేజరు ఓ నవ్వు నవ్వి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే విలేకరి వచ్చాడు. సినిమా కబుర్లు వీడియోలు తీసి ఫోన్లలో పంచే మనిషి. ఏడుపు సీను సంగతి అతనికి అప్పటికే చేరింది. దర్శకుడు ముందు వద్దు వద్దన్నాడు, తర్వాత కాలు మీద కాలు వేసుకుని మొదలుపెట్టాడు. తాను చేసింది పాపమేనన్నాడు. కళ కోసం పాపం కూడా చెయ్యాలన్నాడు. ఆ క్షణంలో ఆ అమ్మాయి నటి కాదు, ఒక తల్లికి కూతురు, అంతే అన్నాడు. మాట్లాడుతూ ఆయన కూడా కాస్త కళ్లు తడి చేసుకున్నాడు. నర్సమ్మకి వృత్తి అలవాటు కొద్దీ అది బాగానే చేశాడనిపించింది.

విలేకరి మైకు ఆమె ముందు పెట్టాడు. "ఆ కబురు వినగానే మీకెలా అనిపించింది?"

"అబద్ధమని తెలిసిపోయిందండీ. నేను నటించాను."

విలేకరి మర్యాదగా నవ్వాడు. మైకు వెనక్కి తీసుకున్నాడు. వీడియో వచ్చినప్పుడు ఆ మాట అందులో లేదు. ఆమె తల దించుకున్న చోట మాత్రం సన్నటి సంగీతం పెట్టారు.

తర్వాతి రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మిషను ఆగి ఉంది. అమ్మ కిటికీ వెలుగులో సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది.

"నేను పోయానట కదా," అంది.

నర్సమ్మ చెప్పులు విడవడం ఆపేసింది. "ఎవరు చెప్పారు?"

"కింద వాటా ఆవిడ ఫోనులో చూపించింది. చూపిస్తూ ఆవిడే భోరుమంది. బతికున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని నా కోసం ఏడుస్తుంటే ఏం చెయ్యాలి నేను? మంచినీళ్లు ఇచ్చాను."

"నీకు చెప్పకూడదనే..."

"వాళ్లకి బుద్ధి లేదు, అది వదిలెయ్." దారం ఎక్కింది. అమ్మ దాని కొసకి ముడి వేసింది. "నువ్వు మాత్రం గోడలు కరిగేలా ఏడ్చావట. మీ అమ్మాయికి మీరంటే ఇంత ప్రాణమా అని వీధిలో ఇద్దరు ఆపి మరీ అడిగారు. నేనేమంటాను? ఏమో, ఇంట్లో ఎప్పుడూ అలా కనపడదన్నాను."

విసురుగానే అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహంలో దాచుకుందామన్నా దాగని మురిపెం. నర్సమ్మ అది చూసింది. ఏమీ అనకుండా వెళ్లి కాళ్లు కడుక్కుంటే అక్కడితో పోయేది. అమ్మకి ఆ మురిపెం మిగిలేది. గుమ్మంలోనే నిలబడి, వద్దు వద్దు అనుకుంటూనే చెప్పేసింది.

"నేను నమ్మలేదమ్మా."

"ఏం నమ్మలేదు?"

"నువ్వు పోయావంటే. అబద్ధమని పట్టేశాను. అయినా ఏడ్చాను. అది నటనే."

అమ్మ చేతిలోని చొక్కాకి బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది. సూది నాలుగు కన్నాల్లోంచీ తిరిగి వచ్చింది.

"అందరూ నిజమనుకున్నారుగా."

"అనుకున్నారు."

"అంత బాగా చేశావన్నమాట."

"చేశాను."

"నేను తప్ప అందరూ చూశారు," అంది అమ్మ. బొత్తాం వంకరగా కూర్చుంది. దారం పళ్లతో కొరికి, తీసేసి, మళ్లీ కుట్టింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఇద్దరి మధ్యా గరిటె చప్పుడే. తన పనితనం గురించి ఒక్కరికైనా చెప్పుకోవాలన్న యావ కొద్దీ, ఆ ఒక్కర్నీ నొప్పించేసింది.

పొద్దున్నే మేనేజరు ఫోను చేశాడు. గొంతులో ప్రాణం లేదు. ఎడిటింగులో చూసుకున్నారట. ఏడుపు సీను మొదటి నుంచి చివరి దాకా అద్దంలో తనే ఉన్నాడట, చేతులు కట్టుకుని. చెరపడానికి లేదు, కత్తిరించడానికి లేదు. మళ్లీ తియ్యాలి. "ఆయన నన్ను తినేస్తున్నాడమ్మా. అలాంటి ఏడుపు మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తావని."

నర్సమ్మ ఫోను పెట్టేసి సంగతి చెప్పింది. అమ్మ మిషను మీద గుడ్డ కప్పింది.

"నేనూ వస్తాను."

"ఎందుకు?"

"నువ్వు నర్సుగా కనపడితే, నేను కళ్లజోడు పెట్టుకునేలోపు అయిపోతుంది. ఇదైనా చూస్తాను."

ఇద్దరూ బస్సులో వెళ్లారు. మూడో అంతస్తు ఎక్కుతుంటే దర్శకుడి గొంతు మెట్ల మీదికి వినిపించింది. "ఈసారి ఏం చెప్పినా నమ్మదయ్యా! ఒక మనిషికి ఒక అబద్ధం ఒక్కసారే పనిచేస్తుంది." అంతలో గుమ్మంలో అమ్మని చూశాడు. ఎవరని అడిగాడు.

"పోయినావిణ్ణి," అంది అమ్మ.

గదిలో ఎవరో కిసుక్కుమని నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. దర్శకుడు నమస్కారం పెట్టి, తడబడుతూ ఏదో క్షమాపణ చెప్పాడు. కిందికి వెళ్లి కూర్చోమని బతిమాలాడు. "మీరు ఎదురుగా ఉంటే తనకి ఏడుపెలా వస్తుందండీ?"

"రాకపోతే అప్పుడు లేచి వెళ్తాలే బాబూ."

"ఉండనివ్వండి సార్," అంది నర్సమ్మ. "అద్దం కొద్దిగా తిప్పించండి. కబురు మేనేజరుగారే చెప్పనీ, గుమ్మం దాటి లోపలికి మాత్రం రానివ్వకండి. నేను తయారు."

సీను ఎలా తియ్యాలో దర్శకుడు ఆమెని ఎప్పుడూ చెప్పనివ్వలేదు. ఇవాళ వేరే దారి లేక తలూపాడు. అమ్మ కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు తగిలించుకుంది. మేనేజరు గుమ్మంలోకి వచ్చి అమ్మని చూసి నత్తిగా మొదలుపెట్టాడు.

"మీ అమ్మగారు... కుట్టుమిషను ముందే..."

"గట్టిగా చెప్పు నాయనా," అంది అమ్మ. "దానికి వినపడొద్దూ?"

ఈసారి అందరూ నవ్వారు. దర్శకుడు నుదురు పట్టుకున్నాడు. నవ్వులు సద్దుమణిగేదాకా నర్సమ్మ కుర్చీ పక్కనే నిలబడి, నేల చూస్తూ ఆగింది. తర్వాత తల ఊపింది. ఎర్రదీపం వెలిగింది. మేనేజరు చెప్పాడు.

చెయ్యి వెనక్కి వెళ్లి కుర్చీ కోసం తడుముకుంది. "ఫోను ఎవరు చేశారు?" అంది. గది మారిపోయింది. "మధ్యాహ్నం మాత్ర వేసుకుందో లేదో," అంది, మొన్న విరిగిన చోటే గొంతు విరిగింది. బతికున్న తల్లి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉండగా, ఆ తల్లి లేని లోకంలో నిలబడి ఏడ్చింది కూతురు. కెమెరామన్ ఒకసారి కన్ను పక్కకి తిప్పి స్టూలు వైపు చూసి, మళ్లీ కెమెరాకి కన్ను ఆనించాడు. అద్దం వైపు తిరిగింది. ఎడమ చెంప తుడుచుకుంది. ఈసారి తుడుచుకున్నాక, కుడి చెంప మీద తడి బాగా కనపడేలా గడ్డం రవ్వంత పైకెత్తింది. ఆ రవ్వంత మొన్న లేదు. అక్కడే సీనుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. నర్సమ్మే ముక్కు చీది, "అయిందా సార్?" అని అడిగింది.

మేకప్పావిడ దూదితో వచ్చి, తుడవకుండా అలాగే నిలబడింది. "నీకు మొన్న నిజంగానే తెలుసన్నమాట," అంది. నర్సమ్మ నవ్వింది. ఆ మాట కోసమే నాలుగు రోజులుగా బతుకుతున్నట్టు అప్పుడు తెలిసిందామెకి.

దర్శకుడు చిన్న తెర మీద రెండు ఏడుపులూ పక్కపక్కన పెట్టించి చూశాడు. చాలాసేపు చూశాడు. "రెండోదే బావుంది," అన్నాడు, ఎవరికీ వినపడక్కర్లేదన్నట్టు.

అప్పటికి విలేకరి కూడా పైకి వచ్చాడు, మళ్లీ తీస్తున్నారని తెలిసి. అతన్ని చూడగానే దర్శకుడి వెన్ను నిటారైంది. "ఇవాళ మొన్నటికంటే పెద్ద ప్రయోగం చేశాం," అన్నాడు. "ఏ తల్లి పోయిందని చెప్పానో, ఆ తల్లినే పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ కూతురి గుండెలో ఏం జరుగుతుందో చూడాలని..."

"నన్నెవరూ పిలిపించలేదు బాబూ," అంది అమ్మ స్టూలు మీంచి. గొంతులో కోపమేమీ లేదు, పొరపాటు సరిచేస్తున్నట్టే అంది. "నేనే బస్సెక్కి వచ్చాను. మా అమ్మాయి పని చేస్తుంటే చూద్దామని."

దర్శకుడు నోరు తెరిచి, గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. విలేకరి అమ్మనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, నర్సమ్మ దగ్గరికి నడిచాడు.

"ఇవాళ మీకు అబద్ధమేమీ చెప్పలేదా?"

"చెప్పారు. అదే అబద్ధం. మొన్న కూడా అబద్ధమని తెలిసే చేశాను. మీకు చెప్పాను కూడా."

విలేకరి ఈసారి నవ్వలేదు. మైకు వెనక్కి తీసుకోలేదు. "ఎలా చేశారో చెప్పండి," అన్నాడు. నర్సమ్మ ముందు చేతిని ఎందుకు కదిలించిందో, మాత్ర మాట ఎందుకు అడిగిందో చెప్పింది. చుట్టూ లైట్లవాళ్లు పని ఆపి విన్నారు. ఇది వీడియోలో వస్తుందో, మళ్లీ సంగీతమే వస్తుందో తెలియదు. ఇంతమంది వింటుండగా చెప్పుకోవడం మాత్రం జరిగిపోయింది.

తిరుగు బస్సు సగం ఖాళీగా ఉంది. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటేదాకా బయటికే చూసింది.

"బాగా చేశావే," అంది చివరికి. "నాకే నేను పోయాననిపించింది."

"నొచ్చుకున్నావేమో అనుకున్నాను."

"నొచ్చుకున్నాను. ఇప్పుడు లేదు." ఇటు తిరిగి అడిగింది. "ఆ మేనేజరు మొదటిసారి చెప్పాడే, ఆ రోజు. వింటూనే తెలిసిపోయిందా నీకు?"

అవునంటే సరిపోయేది. విలేకరికి అలాగే చెప్పింది.

"వింటూనే కాదు."

"ఎంతసేపు నమ్మావు?"

"రెప్పపాటు."

"అప్పుడెలా ఉంది?"

నర్సమ్మ చెప్పబోయింది. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. కళ్లలో నీళ్లు లేవు. చేతులు దేనికోసమూ తడుముకోలేదు, సంచీ మీద పడి ఉన్నవి పడి ఉన్నట్టే ఉన్నాయి. మొహంలో ఏమీ లేదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు. దర్శకుడు చూసి ఉంటే ఇందులో ఏముందమ్మా, ఇంకో టేకు అనేవాడు.

అమ్మ కళ్లజోడు తీసి ఆ మొహం వంక చూసింది. బస్సు ఒక స్టాపులో ఆగి, ఎవరూ ఎక్కక, మళ్లీ కదిలింది. ఇంకా చూస్తూనే ఉంది.

"సరేలే, చెప్పకు," అని కూతురి చేతుల కింద నుంచి సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకుంది.